క్లిప్పులు తీసిన మర్నాటి నుంచి

(అమలాపురంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులకూ వాళ్ళ తల్లిదండ్రులకూ ఒక ఆర్థోడాంటిస్టు, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టరు, చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. పిల్లలతో పాటు అమ్మానాన్నలు వచ్చారు, వెనక వరసలో మామ్మగార్లు కూడా కనబడుతున్నారు. చాలా సంతోషం. ఈ విషయం ఇంట్లో ఒక్కరికి తెలిస్తే చాలదు.

ముందు ఒక చిన్న పని చేయండి. నాలుక కొసను కింది ముందు పళ్ళ వెనక్కి ఆనించి, ఈ కోరపన్ను నుంచి ఆ కోరపన్ను దాకా మెల్లగా జరపండి. క్లిప్పులు పెట్టించుకుని తీయించుకున్నవాళ్ళలో కొందరికి అక్కడ సన్నటి తీగ తగులుతుంది. కొందరికి ఏమీ తగలదు. వాళ్ళ ఇంట్లో బీరువా అరలోనో, స్కూలు బ్యాగు జేబులోనో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, అందులో ఒక ప్లేటు ఉంటుంది. తీగ అయినా ప్లేటు అయినా పేరు రిటెయినరే. సర్దిన పళ్ళను సర్దిన చోటే నిలిపి ఉంచడం దాని పని. తీగ మంచిదా, ప్లేటు మంచిదా అని నన్ను వారానికి పదిమంది అడుగుతారు. ఈ రోజు దానికి తీరిగ్గా జవాబు చెబుదామని వచ్చాను.

నరసాపురంలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక అమ్మాయి వచ్చేది. వాళ్ళది గోదావరికి అవతలి ఒడ్డు. నెలనెలా వాళ్ళ నాన్నతో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వచ్చేది. పై రెండు ముందు పళ్ళ మధ్య పెద్ద సందు, కింద పన్ను మీద పన్ను. రెండేళ్ళు ఒక్క నెల కూడా మానలేదు. వరదకు పంటు ఆపేస్తే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చిన రోజులున్నాయి. పళ్ళు చక్కగా కుదిరాయి. క్లిప్పులు తీసేసి, ప్లేటు ఇచ్చి, "ఆరు నెలలు వేసుకోమ్మా" అన్నాను. ఆ తర్వాత పెళ్ళి చేసుకుని భర్తతో కువైట్ వెళ్ళిపోయింది.

అయిదేళ్ళ తర్వాత సెలవులకు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. సందు సగానికి పైగా తెరుచుకుంది. కింద ఒక పన్ను మళ్ళీ అడ్డం తిరిగింది. నేను అడగక ముందే తనే అంది, "మీరు ఆరు నెలలు అన్నారండి. నేను ఏడు నెలలు వేసుకున్నాను." ఆ అమ్మాయి తప్పేమీ లేదు. చెప్పినదానికంటే ఒక నెల ఎక్కువే వేసుకుంది. తప్పుగా చెప్పింది నేను. రెండేళ్ళు పంటు మీద తీసుకొచ్చిన ఆ తండ్రి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి క్లిప్పులు తీసే రోజున నేను మాట్లాడే సమయం, తీయడానికి పట్టే సమయం కంటే ఎక్కువైంది.

పళ్ళు ఎందుకు వెనక్కి జరుగుతాయి? పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదండి. పంటి వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు మందాన ఒక పొర ఉంటుంది. అందులో వేల కొద్దీ సన్నటి నారలు పన్నును ఎముకకు వేలాడదీసి పట్టుకుని ఉంటాయి. క్లిప్పులతో పన్నును నెడితే నెట్టిన వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పోస్తుంది. పన్ను అలా జరుగుతూ పోతుంది. ఎముక పని ఇంత చక్కగా సాగినా, నారలు మాత్రం సాగి, బిగిసి, పాత చోటుకు లాగుతూనే ఉంటాయి.

మన కోనసీమలో కొబ్బరి పీచుతో తాడు పేనడం చూడనివాళ్ళు ఉండరు. మెలి పెట్టిన తాడును పట్టుకున్నంతసేపు మెలి ఉంటుంది. కొస వదిలితే గిర్రున తిరిగి విడిపోతుంది. అడ్డం తిరిగిన పన్నును సరిగ్గా తిప్పినప్పుడు చిగురు లోపల జరిగేది అచ్చం ఇదే. వేరు చుట్టూ ఉన్న నారలు మూడు నాలుగు నెలల్లో కొత్త చోటుకు అలవాటు పడతాయి. చిగురులోని గట్టి నారలకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎముక అంచుకు పైన, చిగురులో రబ్బరులా సాగే నారలు కొన్ని ఉన్నాయి. వాటికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే వంకర తిరిగిన పళ్ళు, సందున్న పళ్ళు అందరికంటే ముందు మొండికేస్తాయి.

ఆ ఏడాది గడిస్తే అయిపోయిందా అంటే, కాలేదు. చాలామందికి తెలియని సంగతి ఇదే. క్లిప్పులు ఎప్పుడూ పెట్టించుకోని మనిషికి కూడా వయసుతో పాటు కింది ముందు పళ్ళు దగ్గరికి జరిగి, ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. నలభై దాటినవాళ్ళు పెళ్ళినాటి ఫొటో తీసి, అద్దంలో కింది పళ్ళు చూసుకోండి. వయసుతో దవడ వరస కొంచెం కుదించుకుంటుంది. నాలుక, పెదవులు, బుగ్గల ఒత్తిడి రోజంతా పళ్ళ మీద ఉంటుంది. జుట్టు నెరవడం ఎలాగో ఇదీ అంతే, జబ్బు కాదు. క్లిప్పులు పెట్టించుకున్నంత మాత్రాన ఆ మార్పు మన జోలికి రాకుండా పోదు.

అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ అనే ఆయన, తోటి వైద్యులతో కలిసి ఒక ఓపికైన పని చేశారు. చోటు కోసం కొన్ని పళ్ళు తీసి క్లిప్పులు వేసిన 65 మందిని, రిటెయినర్ మానేసి కనీసం పదేళ్ళయ్యాక మళ్ళీ పిలిచి చూశారు. 1981లో ఆ ఫలితం అచ్చయింది. మూడింట రెండు వంతుల మందిలో కింది ముందు పళ్ళు మళ్ళీ చెదిరాయి. 1988లో, ఇరవై ఏళ్ళ దాకా గడిచిన 31 మందిని చూస్తే, బాగా నిలిచినవాళ్ళు పదిమందిలో ఒక్కరే. ఎవరి పళ్ళు నిలుస్తాయో, ఎవరివి చెదురుతాయో ముందుగా చెప్పగలిగే గుర్తు ఏదీ వాళ్ళకు దొరకలేదు. అందుకే "మా అబ్బాయికి ఎన్నాళ్ళు వేయాలి?" అంటే ఇప్పుడు నేను నెలల లెక్క చెప్పను. పళ్ళు ఇలాగే ఉండాలని ఎన్నాళ్ళు అనుకుంటే అన్నాళ్ళు అని చెబుతాను.

ఇక్కడే ఇంకో మాట చెప్పి వెళతాను. జ్ఞానదంతాలు వెనక నుంచి నెట్టడం వల్లే ముందు పళ్ళు వంకర పోతాయని ఊరంతా నమ్ముతుంది. జ్ఞానదంతాలు అసలు మొలవనివాళ్ళకూ, తీయించుకున్నవాళ్ళకూ కూడా కింది పళ్ళు జరుగుతున్నాయి. అవి పుచ్చిపోతే తీయిద్దాం, చిగురు వాచి బాధపెడితే తీయిద్దాం. ముందు పళ్ళు నిలుస్తాయన్న ఆశతో మాత్రం తీయించుకోవద్దు.

సరే, ఇప్పుడు రిటెయినర్ల సంగతి.

తీసి పెట్టుకునే వాటిలో పాతది హాలీ ప్లేటు. చార్లెస్ హాలీ అనే అమెరికా వైద్యుడు 1919లో దాన్ని వివరించాడు. నూరేళ్ళు దాటినా ఇప్పటికీ వాడుతున్నాం. అంగిలికి అతుక్కునే అక్రిలిక్ పలక, ముందు పళ్ళ మీదుగా అడ్డంగా ఒక స్టీలు తీగ, దవడ పళ్ళను పట్టుకునే కొక్కేలు. గట్టిది, కొక్కెం వదులైతే బిగించవచ్చు, జాగ్రత్తగా వాడితే చాలా ఏళ్ళు వస్తుంది. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాని మీద ఒకటి సర్దుకోవడానికి కాస్త చోటు కూడా ఇస్తుంది. తీగ బయటికి కనబడుతుంది, మొదట్లో స, శ పలకడం తడబడుతుంది. బిగ్గరగా పేపరు చదవమంటాను, చాలామందికి ఆ తడబాటు త్వరగానే పోతుంది.

రెండోది పారదర్శకంగా, పల్చగా పళ్ళకు తొడుగులా ఉండేది. పిల్లలు దీన్ని ట్రే అంటారు. మీ పళ్ళ అచ్చు మీద వేడి ప్లాస్టిక్ రేకును గాలి లాగి అతికిస్తే తయారవుతుంది. 1993లో జాక్ షెరిడన్ అనే వైద్యుడు ఎసిక్స్ పేరుతో దీన్ని ముందుకు తెచ్చాడు. వేసుకున్నట్టే తెలియదు కాబట్టి కాలేజీ పిల్లలు ఇదే అడుగుతారు. ముందు పళ్ళను బాగానే పట్టి ఉంచుతుంది. కానీ వాడగా వాడగా అరుగుతుంది, పగులుతుంది, మళ్ళీ చేయించుకోవాల్సిందే. వెడల్పు చేసిన దవడను పట్టి ఉంచడానికి హాలీ ప్లేటు అంత గట్టిది కాదు.

ఇక అతికించే తీగ. 1955లో మైకేల్ బ్యూనోకోర్ అనే ఆయన, ఆమ్లంతో పంటి పింగాణీని గరుకు చేస్తే దాని మీద ప్లాస్టిక్ పదార్థం గట్టిగా అతుక్కుంటుందని చూపించాడు. ఇవాళ మనం పళ్ళకు తెల్ల సిమెంటు వేయించుకుంటున్నా, క్లిప్పులు అతికించుకుంటున్నా ఆయన చలవే. ఆ దారిలోనే 1970ల్లో పళ్ళ వెనక తీగ అతికించడం మొదలైంది. నార్వే వైద్యుడు బ్యోర్న్ జాక్రిసన్ అనేక పోగులు పేనిన సన్నటి తీగను వాడి చూపించాడు. అరమిల్లీమీటరు మందం. కోరపన్ను నుంచి కోరపన్ను దాకా ఆరు పళ్ళకు లోపలి వైపు చుక్కలు చుక్కలుగా సిమెంటుతో అతికిస్తాం. పోగుల తీగ ఎందుకంటే, నమిలేటప్పుడు ప్రతి పన్నూ సహజంగా కాస్త కదలాలి. మరీ బిర్రుగా ఉంటే సిమెంటు ఊడిపోతుంది.

వినడానికి తీగే హాయిగా ఉంది కదండీ. మర్చిపోయే బాధ లేదు, పారేసుకునే భయం లేదు, ఎవరికీ కనబడదు. ఇరవై నాలుగు గంటలూ తన పని తను చేసుకుపోతుంది. అమ్మానాన్నలు నూటికి తొంభై మంది "అదే వేసేయండి డాక్టరుగారూ, వీడు ప్లేటు వేసుకోడు" అంటారు.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ప్లేటుకు ఒక గుణం ఉంది, తీగకు అది లేదు. పళ్ళు జరిగితే ప్లేటు మీకు చెబుతుంది. నాలుగు రోజులు మానేసి అయిదో రోజు వేసుకోండి, బిగుతుగా ఉంటుంది, పళ్ళు లాగినట్టు నొప్పి పెడతాయి. అంటే ఆ నాలుగు రోజుల్లో పళ్ళు కాస్త జరిగాయన్న మాట. ఆ రాత్రి వేసుకుంటే మళ్ళీ సర్దుకుంటాయి. తీగ అలా చెప్పదు. ఆరు చుక్కల్లో ఒక చుక్క సిమెంటు ఊడుతుంది. మిగతా అయిదు పట్టుకుని ఉంటాయి కాబట్టి తీగ కదలదు, గుచ్చుకోదు, నొప్పి ఉండదు. సిమెంటు ఊడిన ఆ ఒక్క పన్ను మాత్రం మెల్లగా బయటికి నడుస్తుంది. మీకు తెలిసేసరికి నెలలు గడుస్తాయి.

ఏటిగట్టు పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గట్టు ఒక్కసారిగా తెగదు. ఎలక బొక్కలోనుంచో ఎండ్రకాయ కన్నంలోనుంచో నీళ్ళు ఊరుతూ ఉంటాయి. పై నుంచి చూస్తే గట్టు గట్టులాగే ఉంటుంది. అందుకే వరద రోజుల్లో రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని గట్టు వెంట మనుషులు తిరిగేవారు. పళ్ళ వెనక తీగకు కూడా అలా తిరిగే మనిషి కావాలి. రోజూ మీ నాలుకే తిరగాలి, ఆరు నెలలకోసారి డాక్టరు చూడాలి.

ఇంకో ఇబ్బంది ఉంది, అరుదే కానీ చెప్పాలి. ఒక్క చుక్క కూడా ఊడకుండానే, తీగ తనంతట తను మెలి విడిపోయో, గట్టి వస్తువు కొరికినప్పుడు వంగిపోయో, పళ్ళను తనే తప్పు దారిలో నెట్టడం మొదలుపెడుతుంది. ఒక కోరపన్ను బయటికి వాలుతుంది, ఇంకో వైపుది లోపలికి పోతుంది. వేరు చిగురు దాటి బయటపడిన కేసులు కూడా ఉన్నాయి. 2007లో యూరప్ వైద్యులు ఇలాంటివాళ్ళను పోగుచేసి ఒక వ్యాసంలో చూపించారు. అది చదివాక నేను ఏ తీగ కేసునూ "ఇక అయిపోయింది, రానక్కర్లేదు" అని పంపలేదు.

తర్వాత గార. కింది ముందు పళ్ళ వెనక లాలాజల గ్రంథుల ద్వారాలు ఉంటాయి. నోట్లో గార అందరికంటే ముందు, అందరికంటే మందంగా పట్టేది అక్కడే. తీగ కూడా అక్కడే ఉంటుంది. పళ్ళ సందులు శుభ్రం చేసే మామూలు ఫ్లాస్ దారం అక్కడ పై నుంచి దిగదు, తీగ అడ్డం వస్తుంది. తీగ కింది నుంచి దూర్చడానికి కొస గట్టిగా ఉండే ఫ్లాస్ దొరుకుతుంది, సందుల్లో తిప్పే చిన్న బ్రష్షులు దొరుకుతాయి. రోజుకు మూడు నిమిషాల పని. అది చేయని పిల్లాడికి తీగ వేస్తే పళ్ళు నిటారుగా ఉంటాయి, చిగుళ్ళు మాత్రం వాచి రక్తం కారతాయి. క్లిప్పులున్న రెండేళ్ళూ బ్రష్ సరిగ్గా చేయనివాడు, తీసేశాక మారతాడని నేను పందెం కాయను. అలాంటివాళ్ళకు తీగ వేయడానికి నాకు మనసొప్పదు. గార తీయించుకుంటే తీగ ఊడిపోతుందని కూడా భయపడుతున్నారు. చేసేవాళ్ళకు అక్కడ తీగ ఉందని చెబితే చాలు, జాగ్రత్తగా చేస్తారు.

తిండి గురించి చెప్పకపోతే గోదావరి జిల్లాల్లో మాట్లాడినట్టు కాదు. తీగ ఉన్నవాళ్ళు ముందు పళ్ళతో చెరకు చీల్చొద్దు. తేగ ముందు పళ్ళతో పీకి తినొద్దు, తుంచి వెనక పళ్ళతో నమలండి. ఎండుకొబ్బరి, గట్టి జంతిక, దోర జామకాయ, మొక్కజొన్న పొత్తు ఇవన్నీ అంతే, ముక్కలు చేసుకోండి. మామిడి టెంకను ముందు పళ్ళతో గీరడం మానాలంటే మనకు కష్టమే, అయినా మానాలి. పూతరేకులు, ముంజలు, జున్ను ఎన్నైనా తినండి. ప్లేటు వాళ్ళకు ఈ నియమాలు ఏవీ లేవు. తినేటప్పుడు తీసేయడం ఒక్కటే. ట్రే పెట్టుకుని కూల్‌డ్రింకో, పంచదార వేసిన టీయో తాగితే మాత్రం ఆ తీపి ట్రేకూ పంటికీ మధ్య చిక్కుకుని గంటలు గంటలు ఉంటుంది. పళ్ళు పుచ్చడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. ట్రే ఉన్నప్పుడు మంచినీళ్ళే తాగండి.

తినేటప్పుడు తీసిన ప్లేటు ఎక్కడ పెడతారు? పెళ్ళి భోజనాల్లో విస్తరి పక్కన పెడతారు. భోజనం అయ్యాక విస్తరి మడిచేస్తారు. ప్లేటు విస్తరితో పాటు వెళ్ళిపోతుంది. హాస్టల్లో టిష్యూ కాగితంలో చుట్టి పెడితే ఊడ్చేవాళ్ళు చెత్త అనుకుని తీసేస్తారు. ఇంట్లో కుక్క ఉంటే, నోటి వాసనకు అది పరుపు కింద ఉన్నా వెతికి కొరుకుతుంది. అందుకే ప్లేటు ఉండాల్సింది రెండే చోట్ల, నోట్లో లేదా డబ్బాలో. మే నెల ఎండలో మూసిన కారులో ట్రే వదిలేస్తే వంకరపోతుంది. వేడినీళ్ళతో కడిగినా అంతే. చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్, కాస్త సబ్బు చాలు. టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పడి మసకబారి వాసన వస్తుంది.

ఇన్ని చెప్పాక, శాస్త్రం దేన్ని గెలిపించిందని అడుగుతారు. ప్రపంచంలోని మంచి పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి తూకం వేసే కోక్రేన్ సంస్థ 2023లో ఈ విషయం మళ్ళీ చూసింది. 47 అధ్యయనాలు, 4377 మంది రోగులు. అంతా చూసి, ఒక రకం ఇంకోదానికంటే మంచిదని గట్టిగా చెప్పేంత సాక్ష్యం లేదని తేల్చింది. ప్లేటు రోజంతా వేసుకోవాలా, రాత్రి చాలా అన్నదాని మీదా అధ్యయనాలు జరిగాయి. రాత్రి మాత్రమే వేసుకున్నవాళ్ళ పళ్ళు కూడా దాదాపు అంతే నిలిచాయని కొన్నింటిలో తేలింది. నేను మొదటి కొన్ని నెలలు రోజంతా వేయిస్తాను, ఆ తర్వాత రాత్రికి మారుస్తాను. వేరే డాక్టరు మొదటి రోజు నుంచే రాత్రి చాలు అంటే ఆయన తప్పు చెబుతున్నట్టు కాదు. మీ పళ్ళు చూసిన డాక్టరు మాటే మీకు ప్రమాణం.

కాబట్టి నేను రిటెయినర్‌ను చూసి ఎంచను. ఎదురుగా కూర్చున్న మనిషినీ, వచ్చే పదేళ్ళు ఆ మనిషి ఎక్కడ బతుకుతాడన్నదీ చూసి ఎంచుతాను.

మన ప్రాంతంలో పిల్లలు ఊళ్ళో ఉండరు. పది అవ్వగానే విజయవాడ హాస్టలు, తర్వాత హైదరాబాదో, విశాఖో, చెన్నైయో. ఎంతోమంది అమ్మలు, అక్కలు గల్ఫ్ దేశాల్లో పనిచేస్తున్నారు. వాళ్ళకు ఆరు నెలలకోసారి నా దగ్గరికి రమ్మంటే కుదరదు. చూసే దిక్కు లేని చోట తీగ ఒక్కటే వేసి పంపడం నాకు భయం. అలాగని ప్లేటు ఒక్కటే ఇస్తే, రాత్రి పన్నెండు దాకా స్టడీ అవర్సులో కూర్చునే పిల్లాడు డబ్బా తెరవడన్నదీ నిజమే. అందుకని అలాంటివాళ్ళకు చాలాసార్లు రెండూ ఇస్తాను. కింద తీగ, దాని మీదుగా రాత్రికి ట్రే. తీగ ఎక్కడో ఊడినా ట్రే పట్టి ఉంచుతుంది. ట్రే బిగుతైతే తీగలో ఏదో జరిగిందని వాళ్ళకు తెలుస్తుంది. తీగకు లేని నోరు ట్రే ఇస్తుందన్న మాట.

ముందు పళ్ళ మధ్య పెద్ద సందు మూసినవాళ్ళకు, బాగా మెలి తిరిగిన పన్ను తిప్పినవాళ్ళకు, చిగుళ్ళ జబ్బు వల్ల ఎముక తగ్గి పళ్ళు కదిలే పెద్దవాళ్ళకు తీగ తప్పదు. నా కువైట్ అమ్మాయికి మొదటిసారే తీగ వేసి ఉండాల్సింది. రెండోసారి క్లిప్పులు వేసి, మూసి, వెనక తీగ వేసి, పైన ట్రే ఇచ్చి పంపాను. దవడ వెడల్పు చేసినవాళ్ళకు ప్లేటే కావాలి, ముందు పళ్ళ తీగ వెనక దవడను పట్టలేదు. పై పళ్ళు కింది పళ్ళ మీదికి బాగా దిగి ఉండేవాళ్ళకు పైన తీగ వేస్తే, నమిలినప్పుడల్లా కింది పళ్ళు దానికి తగిలి ఊడగొడతాయి. అలాంటివాళ్ళకు పైన ప్లేటే.

ఇక మీరు అడగండి.

(ఒక తండ్రి: తీగ ఊడితే వెంటనే ఏం చేయాలండి?)

తీగ కొస గుచ్చుకుంటుంటే క్లిప్పులకు వాడిన మైనం ముద్ద దాని మీద పెట్టండి. లాగొద్దు, గోళ్ళు కత్తిరించే దానితో మీరే తుంచొద్దు. పాత ట్రే ఉండి, తీగ అడ్డు పడకుండా పళ్ళ మీద పూర్తిగా కూర్చుంటే ఆ రాత్రి నుంచే వేసుకోండి. ఆ వారంలోనే ఎవరో ఒక డెంటిస్టుకు చూపించండి. ఒక్క చుక్కే కదా, సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు చూపిద్దాంలే అనుకోకండి. సంక్రాంతికి ఆ పన్ను మీ మాట వినదు.

(ఒక మామ్మగారు: స్కానింగు తీయాలంటే ఈ తీగ తీసెయ్యాలా అమ్మా?)

మంచి ప్రశ్న అడిగారు మామ్మగారూ. ఎమ్మారై తీసే ముందు నోట్లో తీగ ఉందని అక్కడివాళ్ళకు చెప్పమనండి. ప్లేటు అయితే తీసి పక్కన పెట్టాలి. అతికించిన తీగను మామూలుగా తీయక్కర్లేదు. ముఖం, దవడ దగ్గర బొమ్మ మసకగా వచ్చే వీలుంది. అక్కడే చూడాల్సి వస్తే తీయాలా వద్దా అన్నది ఆ డాక్టర్లు చెబుతారు. తీసినా మళ్ళీ అతికించవచ్చు.

(ఒక అమ్మ: మా పాప దుబాయ్ వెళుతోంది. అక్కడ పాడైతే మళ్ళీ ఇక్కడికే రావాలా?)

అక్కర్లేదమ్మా. క్లిప్పులు తీసిన రోజు డాక్టరును రెండు అడగండి. ఒకటి, పళ్ళ అచ్చు మోడలు. తెల్ల ప్లాస్టరుతో చేసినది, లేదా స్కాన్ చేసి ఉంటే ఆ ఫైలు మెయిల్ చేయమనండి. అది ఉంటే, పళ్ళు జరగకముందే ఏ ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరైనా అదే కొలతకు ట్రే చేయించుకోవచ్చు. రెండోది, ఇప్పుడే ఇంకో ట్రే అదనంగా. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు పెట్టిన సంచిలోనే ఆ డబ్బా కూడా పెట్టండి. ప్లాస్టరు మోడలు కింద పడితే పగులుతుంది, బట్టల మధ్య చుట్టి పెట్టండి.

(ఒక విద్యార్థిని: నా ప్లేటు డబ్బాలోనే ఉందండి. మూడేళ్ళయింది వేసుకుని. ఇప్పుడు వేసుకోవచ్చా?)

చెప్పినందుకు సంతోషమమ్మా. ఇక్కడ నీలాంటివాళ్ళు ఇంకా ఉండే ఉంటారు, తల దించుకోవద్దు. ఇంటికి వెళ్ళి చల్లటి నీళ్ళతో బాగా కడిగి, మెల్లగా పెట్టి చూడు. బిగుతుగా ఉన్నా పూర్తిగా కూర్చుంటే ఈ రాత్రి నుంచే వేసుకో. నాలుగైదు రోజులు నొప్పి ఉంటుంది, తగ్గిపోతుంది. మధ్యలో ఆగిపోయి కూర్చోకపోతే మాత్రం బలవంతంగా నొక్కొద్దు. కొరికి కూర్చోబెట్టడానికి అసలే ప్రయత్నించొద్దు, ప్లేటు విరుగుతుంది, పన్నుకూ మంచిది కాదు. అలాంటప్పుడు డబ్బా, ఇంట్లో పాత అచ్చు మోడలు ఉంటే అదీ, రెండూ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఈ మూడేళ్ళలో పళ్ళు ఎంత జరిగాయో ఆ మోడలు పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. కొంచెమే అయితే కొత్త ట్రేలతోనే కొన్ని నెలల్లో వెనక్కి తేవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోతే రేపు ఉదయం నరసాపురం వచ్చెయ్యి. ఆదివారమే అయినా తొమ్మిదింటికి తలుపు తీసే ఉంచుతాను.